పెనుగంచిప్రోలు, బేతవోలు, ఒక శిల్పి కుటుంబం

పెనుగంచిప్రోలు పేరులో ‘పెను’ అంటే పెద్ద, ‘ప్రోలు’ అంటే పట్టణం. నడుమ ఉన్నది కంచి. పెనుగొండలో వలెనే ఇక్కడ కూడా సమాసంలో కకారం గకారమైంది. భట్టిప్రోలు, చేబ్రోలు, నిడుబ్రోలు, ఇవన్నీ ఈ ప్రోలుకు జ్ఞాతులే. ఇంత చక్కని తెనుగు పేరును బృహత్కాంచీపురమని సంస్కృతీకరించి, ఒకనాడిక్కడ నూటొక్క గుళ్ళుండేవని చెప్పుకోవడం పరిపాటి. నూటొక్కటి లెక్క కాదు, ‘చాలా’ అనడానికి మన పల్లెలు ఎన్నుకొన్న మాట అని నా అభిప్రాయం. ఊరి ఘనతకు రాజులూ గోపురాలూ ఉండి తీరాలన్న భ్రమ మనలో బలంగా ఉంది.

ఈ ఊరి ఇలవేల్పు తిరుపతమ్మ రాణి కాదు. అనిగండ్లపాడు ఆడపడుచు, పెనుగంచిప్రోలు కాకాని వారి కోడలు. పులివాత పడిన భర్త గోపయ్యతోపాటు అగ్నిలో లీనమైందని కథ. రెండేళ్ళకొకసారి అమ్మవారి కొయ్య విగ్రహాలను రంగులు వేయించడానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న జగ్గయ్యపేటకు తరలిస్తారు. అమ్మవారే పనివారి ఇంటి దారి పట్టడం నాకెంతో ముచ్చటగా తోస్తుంది.

ఆ పేటకు పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తండ్రి జగ్గన్న పేరిట పేట కట్టించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల క్రిందటే అక్కడి గుట్టమీద బౌద్ధస్తూపం వెలసింది. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని త్రవ్వించినప్పుడు ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం, అంటే క్రీస్తుశకం మూడవ శతాబ్దం నాటివి. రాజు పేరు కాలం చెప్పడానికే. దాత మాత్రం సిద్ధార్థుడనే ‘ఆవేశని’, అనగా శిల్పి. తండ్రి నాకచందుడూ ఆవేశనియే. వేలగిరిలోని మహాచైత్యపు తూర్పు వాకిట సకల జీవుల మేలు కోరి అయిదు స్తంభాలు నిలిపాడు.

అంతటితో ఊరుకోలేదు. తల్లి నాగిలనిని ముందు నిలిపి, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, సోదరుడు బుధినకుడు, అతని ఇల్లాలు కనిక, ఇలా ఇంటిల్లిపాదినీ రాతికెక్కించాడు. ఇంగ్లండులో పల్లెచరిత్ర వ్రాసేవారికి చర్చి రిజిస్టర్లే ప్రాణం. బాప్తిస్మం, పెళ్ళి, ఖననం అందులో నమోదు కావాలన్న ఆజ్ఞ వెలువడింది 1538లో. సామాన్యుని పేరు అక్కడ అధికారి కలం పట్టుకొని వచ్చింది. ఇక్కడ పనివాడే ఉలితో తెచ్చుకొన్నాడు. మన జగ్గయ్యపేట కుటుంబం ఆ రిజిస్టర్ల కన్నా వెయ్యేళ్ళకు పైగా ముందుది. తెలుగు చదివినవాడిగా మరొక సంతోషం: శాసనం ప్రాకృతమే గాని అందులోని ‘మహాకాందురూర’ గ్రామనామం చివర వినిపించేది మన ‘ఊరు’.

బర్జెస్ గ్రంథం 1887లో అచ్చయింది. స్తూపశిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. వాసిరెడ్డి వారిని ఎరిగినంతగా సిద్ధార్థుణ్ణి మన పల్లెలు ఎరుగవు; బడి పుస్తకాల్లో నాగార్జునకొండ దాకా వచ్చిన ఇక్ష్వాకులు పొరుగున ఉన్న ఈ గుట్ట ఎక్కరు.

ఈమారు రంగుల ఉత్సవానికి వెళ్ళే చదువరులకొక మనవి. అమ్మవారికి రంగులద్దే వారి పేర్లూ, వారి తల్లుల పేర్లూ అడిగి వ్రాసుకొని రండి.