వలకన్ను దాటిన కణము

మైపాడు ఒడ్డున వలలు బాగుచేసికొను పట్టపువారిని చూచునపుడెల్ల, వల యొక్క నేర్పు దారమున గాక కన్నులో నున్నదని తోచును. ఏ చేప నిలువవలెనో, ఏది జారిపోవలెనో నిర్ణయించునది ఆ కన్నే గదా! కాన్సరు కణముల సంచారమును పరిశీలించు విద్యయు తుదకు ఇట్టి యొక కన్నుకడకే చేరినది.

పుట్టినచోటనే యుండు కంతిని శస్త్రవైద్యుడు కోసి తీసివేయగలడు. ప్రాణాంతకమగునది చాలవరకు దాని వలసయే. 1889లో లండను వైద్యుడు స్టీఫెన్ పేజెట్, రొమ్ము కాన్సరుచే మరణించిన 735 మంది వృత్తాంతములను తరచి చూడగా, 241 మందికి కాలేయమున కంతులు కానవచ్చెను. ప్లీహమున కానవచ్చినవారు 17గురే. రక్తము రెంటికిని పారుచుండ నీ భేదమేల? విత్తు ఎల్లెడల పడినను తగిన నేలనే మొలచునని యాతని సమాధానము. మొలగొలుకులు పండించు పెన్నా డెల్టా రైతు ఆ విత్తునే సముద్రపుటొడ్డు చవిటినేలలో చల్లడు గదా!

అయినను మృతదేహము కణము చేరిన చోటును చూపునే కాని నడచిన త్రోవను చూపదు. 1907లో రాస్ హారిసన్ కప్పపిండపు నాడీకణములను శరీరమునకు వెలుపల, వ్రేలాడు బిందువులో బ్రదికించిన పిమ్మటనే సజీవకణపు నడకను కన్నులార చూచుటకు వీలు కలిగెను. మన సీమ రోగులకు రైలుప్రయాణపు దూరమున, మద్రాసు అడయారులో కాన్సరు ఇన్‌స్టిట్యూటు తెరువబడిన 1954 నాటికే, లండనులో అబర్‌క్రాంబీ, హీస్‌మన్ అనువారు కోడిపిండపు హృదయకణములు పరస్పరము తాకినంతనే ఆగుటను కొలిచి చూపుచుండిరి. సార్కోమా కణములు ఆ మర్యాదను పాటింపక మున్ముందుకు చొచ్చుకొనిపోవునని కొలది యేండ్లకే తేలెను.

పళ్లెమున పరచుకొనిన కణములపై సన్నని గీత గీచి, ఆ యెడము పూడుటను గంటగంటకు ఛాయాచిత్రములు తీయుట సులభమార్గము. కాని పూడుట నడకవలననో, కణవిభజనవలననో విడదీసి చెప్పుట కష్టము. 1962లో స్టీఫెన్ బాయిడెన్ రెండు అరల నడుమ సూక్ష్మరంధ్రముల పొర నుంచి, పైయరలో తెల్లరక్తకణములను, క్రిందియరలో వానిని ఆకర్షించు ద్రవ్యమును నింపెను. 1987లో ఆల్బిని మున్నగువారు ఆ పొరపై ఎలుకకంతినుండి తీసిన జిగురుపదార్థమును పూసి, కాన్సరు కణములు దానిని కరగించుకొని దాటునేమో పరీక్షించిరి. అట్టి పొరలో కన్ను సాధారణముగా 8 మైక్రానులు. కణము తన దేహమును ఇరుకుచేసికొని దూరవలసినదే.

పట్టపువాడు చిక్కినదానిని లెక్కించును. ఇచ్చట జారిపోయినవానికే రంగువేసి లెక్కింతురు. మందు కలిపినపుడు ఆ లెక్క తగ్గెనా, కణపు త్రోవకు అడ్డుకట్ట పడెనన్నమాట.