పులావ్ ఉబిన్
సింగపూర్ ప్రధాన దీవికి ఈశాన్యాన, జోహోర్ జలసంధిలో ఉన్న సుమారు 10 చదరపు కిలోమీటర్ల దీవి. మలయ్ భాషలో పులావ్ అంటే దీవి. 1851లో పూర్తయిన హార్స్‌బర్గ్ దీపస్తంభానికి రాయి ఇక్కడిదే. గ్రానైట్ క్వారీలు జోరుగా నడిచిన రోజుల్లో సుమారు 2,000 మంది ఉండేవారు. 1985లో బడి, 1999లో చివరి క్వారీ మూతపడ్డాయి. ఇప్పుడు మిగిలింది కొన్ని పదుల మంది, ఎక్కువగా ముసలివాళ్లే. ఇళ్లలో బావినీళ్లు, డీజిల్ జనరేటర్ కరెంటు. రేవు దగ్గరి ఊరికి మాత్రం 2013 నుంచి సౌరవిద్యుత్తు అందుతోంది. ఎదురుగా చాంగీ విమానాశ్రయంలో విమానాలు వరసకట్టి దిగుతుంటాయి. ఇక్కడికొచ్చే పడవ మాత్రం 12 మంది పోగయ్యేదాకా కదలదు, లేదంటే మొత్తం బాడుగ మనమే ఇచ్చుకోవాలి. సైకిళ్ల అద్దె, చిన్న హోటళ్లు, కొబ్బరిబొండాలే బతుకుతెరువు. తూర్పు కొసన చెక్ జావా తీరాన్ని పూడ్చే ప్రణాళికను సింగపూర్ ప్రభుత్వం 2001 చివర్లో ఆపింది. అది వాయిదాయే, రద్దు కాదు.