చానా నుంచి కార్బన్ దాకా: వెడల్పు స్కీల దాస్తాన్

ఆకాశం నుంచి రాలేదీ మంచే, తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. తెలుగులో అన్నింటికీ ఒకటే మాట. ఉర్దూలో ఓస్ వేరు, కుహ్రా వేరు, కానీ రాలే మంచూ గడ్డకట్టిన మంచూ రెండూ బర్ఫే. కశ్మీరీల దగ్గరికి పోతే రాలే మంచు ‘శీన్’. దాన్ని చూడగానే ఇది మెత్తటిదా, తడిదా, పైన పెంకు కట్టిందా అని వాళ్లకు తెలిసిపోతుంది. బర్ఫ్ మిజాజ్ తెలియనివాడికి స్కీ ఎంచుకోవడం రాదు. స్కీ తారీఖ్ అంతా ఈ మిజాజ్ తారీఖే.

నేను స్కీ వేసుకునేవాణ్ని కాదు, వార్తలు రాసేవాణ్ని. మా భాంజా అమెరికాలో కొలరాడోలో ఉద్యోగం చేస్తాడు. సెలవులకు వచ్చినప్పుడు గుల్‌మర్గ్ పోవాలని వాడి షౌఖ్. ‘మామూ, తేలికగా, వెడల్పుగా ఉండే పౌడర్ స్కీలు కొందామనుకుంటున్నా, ఇవి కొత్త టెక్నాలజీ’ అన్నాడు. కొత్తదా అని తవ్వుతూ పోతే, ఈ మాట ఏడొందల ఏళ్ల వెనక్కి తీసుకుపోయింది.

హమదాన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, తర్వాత ఇస్లాం స్వీకరించి, ఇరాన్‌ను ఏలిన మంగోల్ ఇల్‌ఖానుల దర్బారులో వజీర్ అయిన రషీదుద్దీన్ ఫజ్లుల్లా 14వ శతాబ్దం తొలినాళ్లలో ‘జామివుత్తవారీఖ్’ అనే పెద్ద చరిత్ర కితాబ్ రాశాడు. అందులో అడవుల్లో బతికే ఉర్యాంఖత్ అనే తెగ గురించి చెప్తాడు. చలికాలం వాళ్లు ‘చానా’ అనే పలకల మీద నిలబడి, చేతిలో కర్రతో, నీళ్ల మీద పడవను తోసినట్టు మంచు మీద తోసుకుంటూ వేటాడతారట. చంపిన జంతువులను ఇంకో జత పలకల మీద వేసి లాక్కుపోతారట. ఆ వజీర్ 1318లో రాజకీయాలకు బలై మరణశిక్ష పొందాడు. ఆయన రాసిన ఆ పలకలు మాత్రం చావలేదు.

చైనాలోని షింజియాంగ్‌లో, ఆల్తాయ్ పర్వతాల్లో, తువా జనం, కజక్ ముసల్మానులు నేటికీ అట్లాంటి స్కీలు చేత్తో చెక్కుకుంటారు. తేలికైన స్ప్రూస్ చెక్క, అరచేయిని మించిన వెడల్పు, అడుగున గుర్రం తోలు. తోలు మీది వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి. దిగేటప్పుడు జారతాయి, ఎక్కేటప్పుడు మంచును పట్టుకుంటాయి. తేలిక, వెడల్పు, మెత్తటి మంచులో తేలడం. మా భాంజా దుకాణంలో వెతికే గుణాలన్నీ ఆ చెక్కలో ఉన్నాయి.

మరి నడుమ ఏమైంది? స్కీ సన్నబడింది. 19వ శతాబ్దంలో నార్వే టెలిమార్క్ ప్రాంతపు సోండ్రె నోర్‌హైమ్ స్కీ నడుమును కొంచెం లోపలికి తీసి, మలుపు తిరగడం సులువు చేశాడు. 1920లలో ఆస్ట్రియావాడు రుడోల్ఫ్ లెట్నర్ చెక్క అంచులకు ఉక్కు పట్టీలు బిగించాడు. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో కుర్చీ లిఫ్టు వచ్చింది. విమానాల ఇంజినీరు హొవార్డ్ హెడ్ 1950లో లోహం కలిపిన స్కీని బజారులోకి తెచ్చాడు. లిఫ్టు వచ్చాక ఎక్కే మెహనత్ లేదు. ఒకే వాలు మీద రోజుకు వందలమంది దిగుతారు. మంచు నొక్కుకుపోయి గట్టిపడుతుంది, తర్వాత యంత్రాలతోనూ చదును చేశారు. గట్టి మంచు మీద తేలాల్సిన పని లేదు, అంచుతో కోయాలి. దానికి సన్నటి స్కీయే మేలు. అందుకే నడుము దగ్గర 65 మిల్లీమీటర్లు, అంటే బెత్తెడు కూడా లేని స్కీలు దశాబ్దాల పాటు రాజ్యమేలాయి.

తాజా మంచులో మాత్రం ఆ సన్న స్కీ కత్తిలా మునిగిపోతుంది. లెక్క వేసి చూడండి. మనిషి వజన్ 75 కిలోలు, స్కీ పొడవు 180 సెంటీమీటర్లు అనుకుందాం. సగటు వెడల్పు 7.5 సెంటీమీటర్లయితే రెండు స్కీల కింద 2,700 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 28 గ్రాముల భారం. వెడల్పు 12.5 సెంటీమీటర్లయితే ఆ భారం 17 గ్రాములకు దిగుతుంది.

1980ల చివర్లో ఆస్ట్రియాలోని అటామిక్ కంపెనీలో రూపర్ట్ హూబర్ ఒక స్నోబోర్డును నిలువునా కోసి, రెండు స్కీలుగా చేసి చూశాడు. అందులోంచి పుట్టిన వెడల్పు స్కీలను జనం ‘ఫ్యాట్ బాయ్’ అన్నారు, అంటే బొద్దబ్బాయి. ముందు నవ్వారు. కెనడాలో హెలికాప్టర్లో కొండెక్కి దిగే షౌఖీనులు, ముఖ్యంగా మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు వేసుకుని చూశాక నవ్వు ఆగింది. 2002 ప్రాంతంలో షేన్ మెకాంకీ అనే స్కీయర్, నీళ్ల మీద జారే వాటర్ స్కీల నుంచి ఇషారా తీసుకుని, ముందూ వెనకా పడవలా పైకి వంగిన ‘స్పాచులా’ను తెచ్చాడు. రషీదుద్దీన్ పడవ పోలిక గుర్తుందా? పోలిక మళ్లీ అక్కడికే వచ్చింది. మెకాంకీ 2009లో ఇటలీ పర్వతాల్లో స్కీ మీంచి పారాచూట్‌తో దూకబోయి చనిపోయాడు. అప్పటికే ఆ పైకి వంగిన ముక్కు, అంటే రాకర్, దునియా అంతా పాకింది. అదే కాలంలో డీపీఎస్ లాంటి కంపెనీలు కార్బన్ నారతో వజన్ తగ్గించాయి.

ఇక గుల్‌మర్గ్. ఆ పచ్చిక బయలుకు ఆ పేరు పెట్టింది 16వ శతాబ్దపు సుల్తాన్ యూసుఫ్ షా చక్ అంటారు. 1927లో ఇంగ్రేజులు అక్కడ స్కీ క్లబ్బు పెట్టారు. 1948లో ఫౌజ్ స్కీ స్కూల్ మొదలైంది. ఇప్పటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అదే. 1988 కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌కు కశ్మీర్ నుంచి గుల్ దేవ్ వెళ్లాడు. 2022 బీజింగ్‌లో భారత్ తరఫున ఒకే ఒక్కడు, గుల్‌మర్గ్ బిడ్డ ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం. మన తెలుగు పత్రికల్లో ఆ వార్తకు ఎంత చోటు దొరికిందో గుర్తు చేసుకోండి. నార్వే, ఆస్ట్రియా, అమెరికా పేర్లతో స్కీ చరిత్ర రాసేవాళ్లు ఆల్తాయ్ కజక్‌ను, కశ్మీరీని హాషియాలో పెడతారు. ఇన్సాఫ్ అడగాల్సింది అక్కడ.

గొండోలా మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో తెరిచారు. 2,650 మీటర్ల బయలు నుంచి దాదాపు 3,950 మీటర్ల అఫర్వత్ భుజం దాకా పోతుంది. పైన చదును చేసిన దారులు లేవు, అంతా వదులు మంచు. గాలి పలచన. గొండోలా దిగాక మంచి వాలు కోసం స్కీలు భుజాన వేసుకుని నడవాల్సి వస్తే ప్రతి అరకిలో తెలుస్తుంది. కాబట్టి వాడు అడిగింది తప్పు కాదు. కానీ తేలికకూ ఒక ఖీమత్ ఉంది. పొద్దున మెత్తగా ఉన్న మంచు మధ్యాహ్నానికి వందల గీతలతో గడ్డలు గడ్డలవుతుంది. దాంట్లో బరువైన స్కీ దున్నుకుపోతుంది, మరీ తేలికైనది గాల్లో రేకులా వణుకుతుంది. వెడల్పుకూ ఖీమత్ ఉంది. గట్టి మంచు మీద పాదం మధ్య నుంచి స్కీ అంచు ఎంత దూరమైతే, దాన్ని వాల్చడానికి మోకాలు అంత కష్టపడాలి.

అందుకే వాడికి రాసి పంపాను: ఏడాదంతా కొలరాడో రిసార్టుల్లో తిరిగి, ఒక్కసారి గుల్‌మర్గ్ పోయేవాడికి నడుము 100 నుంచి 108 మిల్లీమీటర్లు చాలు. గుల్‌మర్గ్ కోసమే అయితే 110 దాటొచ్చు. ముక్కు దగ్గర రాకర్, పాదం కింద మామూలు వంపు ఉండాలి. ఒక్కో స్కీ 1.5 కిలోలంటే కొండెక్కేవాడి సామాను. లిఫ్టు మీద ఆధారపడేవాడికి 1.8 నుంచి 2 కిలోలు మధ్యేమార్గం. బైండింగ్ బ్రేకు వెడల్పు స్కీ నడుముకు సరిపోవాలి, అది మరిచిపోతే కొన్నదంతా బేకార్.

ఇంకో మాట కూడా రాశాను, అదే అసలైనది. సన్న స్కీ కాలంలో లోతైన మంచులో దిగాలంటే ఏళ్ల హునర్ కావాలి. ఆ హునర్ నేర్చుకునేలోపు కొండ గురించి కూడా తెలిసేది. వెడల్పు స్కీ ఆ ఏళ్లను తగ్గించింది. ఇప్పుడు కాళ్లు పోగలిగే చోటికి అఖల్ ఇంకా చేరలేదు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలు మీద హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. స్కీ ఎంత తేలికైనా జారిపడే కొండను మోయదు. ట్రాన్స్‌సీవర్, పార, వెతికే కర్ర, స్థానిక గైడు. ఈ నాలుగింటికి పైసలు మిగలకపోతే స్కీలు అద్దెకు తీసుకో అన్నాను.

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని చిల్లయ్ కలాన్ అంటారు. చిల్లా అంటే మనకు తెలిసిందే. కాన్పయిన ఆడబిడ్డ నలభై రోజులు, జమాత్‌లో పోయినవాళ్ల నలభై రోజులు, వలీల ఏకాంతపు నలభై రోజులు. ఫార్సీ ‘చిహిల్’ నుంచి వచ్చిన మాట. కొండకు కూడా ఒక చిల్లా ఉంది, ఆ నలభై రోజుల్లో పడ్డ శీనే వేసవిలో నదులకు నీళ్లు. 2024 జనవరిలో ఆ చిల్లాలో చాలా రోజులు గుల్‌మర్గ్ గోధుమ రంగు గడ్డితో ఖాళీగా ఉండింది. 2025 ఫిబ్రవరిలో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మార్చికి వాయిదా వేశారు.

ఏడొందల ఏళ్లలో చెక్క పోయి లోహం వచ్చింది, లోహం పోయి కార్బన్ వచ్చింది. స్కీ సన్నబడి మళ్లీ వెడల్పయింది. ఇన్నేళ్లూ ఎవరూ అనుమానించని సంగతి ఒకటే, కింద బర్ఫ్ ఉంటుందని. మా భాంజా పిల్లలు స్కీ ఎంచుకునే నాటికి నడుము ఎన్ని మిల్లీమీటర్లు అని కాదు, ఈ ఏడాది శీన్ పడిందా అని ముందు అడగాల్సి వస్తుందేమో.