లోతైన జలాశయాల్లో నీటి ఉష్ణోగ్రత: కంప్యూటర్ నమూనాలు

ఎండ, గాలి, తేమ, నదిలో వచ్చే నీళ్లు, తూముల్లోంచి పోయే నీళ్లు – ఈ లెక్కలను బట్టి ఒక సరస్సులో ఏ లోతున ఏ రోజు ఎంత ఉష్ణోగ్రత ఉంటుందో కంప్యూటర్ మీద గణించే పద్ధతిని సరస్సు ఉష్ణోగ్రతా నమూనా అంటారు. సరస్సును పైనుంచి కిందికి పలుచటి పొరలుగా విడగొట్టి, పొరకూ పొరకూ మధ్య వేడి ఎలా చేతులు మారుతుందో గంటగంటకూ లెక్క కట్టడం ఇందులో అసలు పని.

తమిళనాడులోని ధర్మపురి జిల్లాకు ఇలాంటి లోతైన నీళ్లు అంచునే ఉన్నాయి. హొగెనకల్ జలపాతం దిగిన కావేరి ఆపై మెట్టూరు డ్యామ్ వెనక నీళ్లలో కలిసిపోతుంది. 1925లో మొదలై 1934లో పూర్తయిన డ్యామ్ సేలం జిల్లాలో ఉన్నా, అది నిలిపే స్టాన్లీ రిజర్వాయర్ నీళ్లు ధర్మపురి జిల్లాలోని పెన్నాగరం వైపు నాగమరై దాకా వస్తాయి. తొప్పైయార్ నది కూడా ఇందులోనే కలుస్తుంది. పూర్తి నీటిమట్టం 120 అడుగులు, నిల్వ 93.47 టీఎంసీలు.

చలిదేశాల పాఠ్యపుస్తకాల్లో సరస్సు అడుగున 4 డిగ్రీల సెల్సియస్ నీళ్లుంటాయి, ఎందుకంటే నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది అప్పుడే. మెట్టూరులో ఆ చల్లదనం ఊహకు కూడా అందదు. అలాగని ఇక్కడ పొరలు ఏర్పడవనుకుంటే పొరపాటు. 4 నుంచి 5 డిగ్రీలకు వేడెక్కితే ఘనమీటరు నీటి బరువు సుమారు 8 గ్రాములే తగ్గుతుంది. 29 నుంచి 30కి వెళ్తే దాదాపు 300 గ్రాములు తగ్గుతుంది. కాబట్టి పైనీటికీ అడుగునీటికీ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా చాలు, గాలికి లొంగని పొరలు కట్టడానికి. అడుగున చిక్కుకున్న నీటికి పైనుంచి ఆక్సిజన్ అందదు. మట్టిలోని ఇనుము, మాంగనీస్, భాస్వరం నీటిలోకి విడుదలవుతాయి. చేపలవాళ్లకూ తాగునీటి శాఖకూ ఉష్ణోగ్రతతో పని పడేది ఇక్కడే.

పైపొర జమాఖర్చు చూద్దాం. సూర్యరశ్మి, ఆకాశం నుంచి వచ్చే పరారుణ వికిరణం జమ. నీరు తిరిగి వెదజల్లే వికిరణం, ఆవిరి, గాలికి తగిలి పోయే వేడి ఖర్చు. ఆవిరి చేసే ఖర్చు చిన్నది కాదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు ఆవిరైతే సుమారు 2.45 మెగాజౌళ్ల వేడి పోతుంది. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే, వేరే జమ లేకపోతే, పై మూడు మీటర్ల నీరు దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. తేమ లెక్క కాస్త తప్పితే నమూనా మొత్తం పక్కకు జరిగేది ఇందుకే.

ఎండ ఎంత లోతుకు దిగుతుందన్నది నీటి తేటదనాన్ని బట్టి ఉంటుంది. దాన్ని ఇప్పటికీ ఒక పళ్లెంతో కొలుస్తారు. ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో వాడిన ఆ పళ్లెం కనబడకుండా పోయిన లోతును నమూనాలోకి ఎక్కిస్తే చాలు. వరదతో బురద వచ్చిన వారం వేడి పై మీటరు రెండు మీటర్లలోనే ఆగిపోతుంది.

గాలి మరీ మొండిది. వేగం రెట్టింపైతే నీటిని కలిపే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు ఈ ప్రాంతంలో వీచే 'ఆడి గాలి'ని రోజంతటి సగటుగా ఇస్తే మధ్యాహ్నపు విసురు లెక్కలోంచి జారిపోతుంది. గంటల లెక్కే కావాలి. పైగా కొలతలు తరచుగా గట్టు మీదివి, గాలి ఆడేది నీటి మీద. అందుకే నమూనాకారులు గాలిని ఒక గుణకంతో సవరిస్తారు. దాన్ని కొలతలతో సరిపడేదాకా తిప్పుతూ కూర్చోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన, ఎవరూ పెద్దగా చెప్పుకోని పని.

వాడుకలో నమూనాలు చాలానే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పుట్టిన డైరెస్మ్ పొరల మందాన్ని నీటితోపాటు పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. జీఎల్ఎమ్‌దీ అదే బాట. స్విట్జర్లాండ్ సరస్సుల మీద సిమ్‌స్ట్రాట్ నడుస్తోంది. ఫ్లేక్ రెండు పొరలతోనే సరిపెట్టుకుంటుంది, అందుకే 2015లో యూరప్ వాతావరణ అంచనా కేంద్రం తన నమూనాలో దాన్ని చేర్చుకుంది. ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయం వాళ్ల ఎయిర్‌టువాటర్‌కు గాలి ఉష్ణోగ్రత ఒక్కటే చాలు, కానీ అది చెప్పేది పైనీటి సంగతే.

మెట్టూరు లాంటి జలాశయానికి వీటిలో ఏదైనా ఉన్నదున్నట్టు పెడితే చిక్కే. హొగెనకల్‌లో లక్ష క్యూసెక్కుల వరద వస్తే అది రోజుకు 8.64 టీఎంసీలు. ఖాళీ జలాశయం పదకొండు రోజుల్లో నిండిపోతుంది. 2018 జులై 23న అయిదేళ్ల తర్వాత అది 120 అడుగులకు చేరింది. అలాంటి నెలలో ఎండ కన్నా ఎగువ నుంచి వచ్చే నీటి ఉష్ణోగ్రతే మొత్తాన్ని నిర్ణయిస్తుంది. చల్లని, బురద నిండిన వరద పైనీటిలో కలిసిపోదు. తనకు సమానమైన సాంద్రత దొరికే లోతుకు దిగి అక్కడ పాకుతుంది. తూము ఏ ఎత్తున తెరుస్తారన్నదీ అంతే ముఖ్యం: అడుగు తూము తెరిస్తే చల్లని నీరు దిగువకు పోయి, వేడినీరు కిందికి జరుగుతుంది. నది వెంట పొడవుగా సాగే ఇలాంటి జలాశయాలకు పొడవునూ లోతునూ రెండింటినీ లెక్కించే సీఈ-క్వాల్-డబ్ల్యూ2 మేలు.

ఎంత సరిగా వచ్చిందో తెలియాలంటే పడవలో వెళ్లి గొలుసుకు కట్టిన ఉష్ణమాపకాలతో లోతులవారీగా కొలవాలి. సగటు దోషం ఒక డిగ్రీ దగ్గర ఉంటే మంచి నమూనా అంటారు. ఈ సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోయే పొర, అంటే థర్మోక్లైన్, ఒక మీటరు పైకో కిందికో తప్పితే అక్కడ దోషం పెద్దగా కనబడుతుంది. పైనా అడుగునా అంతా సరిగానే ఉంటుంది. అందుకే దోషాన్ని లోతులవారీగానూ, పొరలు చెదిరి నీరంతా కలిసే తేదీకీ విడివిడిగా చూస్తారు.