తూకములో చికిత్స – కాన్సరు వైద్యములో ఒక చిక్కు ప్రశ్న చరిత్ర

ఎనుబది ఏండ్లు దాటిన తల్లికి కాన్సరు అని తేలినది. మనిషి చిక్కిపోయి ఉన్నది. గోడ పట్టుకొని గాని నాలుగడుగులు వేయలేదు. మందు ఇప్పించినచో కొన్ని నెలలు ఎక్కువ బ్రతుకవచ్చును. కాని ఆ నెలలు వాంతులతోను, నీరసముతోను మంచముమీదనే గడిచిపోవచ్చును. ఇప్పించకపోయినచో ‘కన్నతల్లికి వైద్యము చేయించలేదు’ అన్న బాధ బిడ్డల మనస్సును తొలుచుచుండును. ఇది ఏ ఇంటికా ఇంటి గొడవగా కనిపించినను, దీని వెనుక నూరేండ్లకు పైబడిన వైద్యశాస్త్ర చరిత్ర ఉన్నది. చికిత్స వలన కలుగు మేలును, రోగి పడు కష్టమును ఒకే త్రాసులో తూచుట వైద్యులు ఒకనాడు నేర్చుకొన్న విద్య కాదు.

కత్తి కాలము

అమెరికాలోని బాల్టిమోరు నగరమున హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు రొమ్ము కాన్సరునకు తాను చేయుచున్న పెద్ద శస్త్రచికిత్స ఫలితములను 1894లో ప్రకటించినాడు. రొమ్ముతోపాటు దాని అడుగున ఉన్న ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను కూడ తీసివేయుట ఆ పద్ధతి. ఎందరో స్త్రీలకు చేయి వాచి, భుజము బిగిసిపోయెడిది. అయినను, ఎంత ఎక్కువ తీసివేసిన అంత మేలు అన్న నమ్మకము చాలకాలము చెక్కుచెదరలేదు. 1971లో ఫిషర్ అను వైద్యుడు, ఆయన సహచరులు రోగులను వర్గములుగా విభజించి పెద్ద కోతను, చిన్న కోతను పోల్చి చూడనారంభించినారు. ఏండ్ల తరబడి గమనించగా, బ్రతికిన కాలములో చెప్పుకోదగిన తేడా ఏదియు కానరాలేదు. కష్టము ఎక్కువైనంత మాత్రమున ఫలము ఎక్కువ కానక్కరలేదని దీనితో ఋజువైనది.

నూరు మార్కుల కొలత

యుద్ధములో విషవాయువులపై జరిగిన పరిశోధనల నుండి నైట్రోజన్ మస్టర్డు అను మందు పుట్టినది. 1942లో యేల్ విశ్వవిద్యాలయమున దానిని మొదటిసారిగా ఒక కాన్సరు రోగికి ఇచ్చినారు. 1948లో ఫార్బర్ అను వైద్యుడు అమినోప్టెరిన్ అను మందును రక్తకాన్సరుతో బాధపడు 16 మంది పిల్లలకు ఇవ్వగా, పదిమందిలో కొంతకాలము గుణము కనిపించినది. ఆ మందు తయారైనది లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడి పరిశోధనలకు నాయకుడు భీమవరములో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

మందులైతే వచ్చినవి. కాని గుణమనగా ఏమి? గడ్డ కరిగినంత మాత్రమున రోగి కోలుకొన్నట్లేనా? న్యూయార్కులోని కార్నోఫ్‌స్కీ, ఆయన సహచరులు 1948లో నైట్రోజన్ మస్టర్డు ఫలితములను ప్రకటించుచు, గడ్డ పరిమాణముతోపాటు రోగి శక్తిని కూడ అంకెలలో కొలిచినారు. ఏ బాధయు లేనివానికి 100. తన పనులు తాను చేసికొనుచు, ఉద్యోగము మాత్రము చేయలేనివానికి 70. ఇతరుల సాయము చాల కావలసినవానికి 50. మరణించినవానికి 0. మనిషి ఎట్లు బ్రతుకుచున్నాడన్న ప్రశ్నకు ఈ విధముగా కాన్సరు వైద్యుని పుస్తకములో చోటు దొరికినది.

లెక్కలో లేని వృద్ధులు

అయితే ఈ కొలతలో ఒక లోపమున్నది. మార్కులు వేయువాడు వైద్యుడు. అతడు చూచునది ఆస్పత్రి గదిలో కూర్చున్న మనిషిని. పైగా కొత్త మందుల పరీక్షలలో ముసలివారిని అంతగా చేర్చుకొనెడివారు కారు. అమెరికాలో 1999లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము కాన్సరు రోగులలో 65 ఏండ్లు నిండినవారు నూటికి 63 మంది కాగా, పరీక్షలలో పాల్గొన్నవారిలో నూటికి 25 మందియే వారు. పడుచువారిలో తేలిన ఫలితమును చూచి ముసలివారికి మందు ఇచ్చుట జరిగెడిదన్నమాట.

2011లో హురియా అను వైద్యురాలు, ఆమె సహచరులు 65 ఏండ్లు పైబడిన 500 మందిని పరిశీలించినారు. వారిలో నూటికి 53 మందికి మందు వలన తీవ్రమైన హాని కలిగినది. ఎవరికి హాని కలుగునో వైద్యుడు వేసిన కార్నోఫ్‌స్కీ మార్కులు ముందుగా చెప్పలేకపోయినవి. గడచిన ఆరు నెలలలో ఎప్పుడైనను పడిపోయినారా? కొద్ది దూరము నడువగలరా? చెవులు సరిగా వినబడుచున్నవా? మందులు తమంతట తాము వేసికొనగలరా? ఇట్టి సామాన్యమైన ప్రశ్నలు చెప్పగలిగినవి. వయస్సు ఒక్కటే కొలబద్ద కాదని దీని సారాంశము. ఎనుబదిలో దృఢముగా ఉన్నవానికి పూర్తి చికిత్స మేలు చేయవచ్చును. అరువది అయిదులోనే బలహీనుడైనవానికి అదే చికిత్స భారము కావచ్చును.

2021లో మోహిలే బృందము మరియొక అడుగు ముందుకు వేసినది. నయముకాని కాన్సరు గల 718 మంది వృద్ధులలో ఒక వర్గము వారి విషయమున ఇట్టి వివరములను, సలహాలను ముందుగానే వైద్యునికి అందించినారు. ఆ వర్గములో తీవ్రమైన హాని నూటికి 51 మందికి, రెండవ వర్గములో 71 మందికి కలిగినది. మొదటి వర్గములో ఎక్కువమందికి మందు మోతాదు తగ్గించి ప్రారంభించినారు. అయినను ఆయుర్దాయములో చెప్పుకోదగిన తేడా లేదు.

రోగి మాట

త్రాసు చేతబట్టవలసినది ఎవరు? 2002లో తీవ్రమైన వ్యాధులు గల 226 మంది వృద్ధులను ఫ్రీడ్ బృందము ప్రశ్నించినది. చికిత్స తేలికైనదై, ఉన్న ఆరోగ్యము నిలుచునన్నచో దాదాపు అందరును కావలెనన్నారు. ప్రాణము దక్కినను లేవలేని స్థితి మిగులునన్నచో నూటికి 74 మంది, తెలివి నశించునన్నచో 89 మంది వద్దన్నారు. వారు భయపడినది మరణమునకు మాత్రమే కాదు.

చికిత్స వద్దనుకొన్నచో రోగిని వదలివేసినట్లని తలచుట పొరపాటు. 1967లో సిసిలీ సాండర్స్ లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమమును స్థాపించి, నొప్పిని మాన్పుటయు వైద్యమేనని చూపినది. బోస్టనులో ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరు గల 151 మందిపై జరిపిన పరీక్ష 2010లో వెలువడినది. మామూలు చికిత్సతోపాటు ఉపశమన వైద్యము మొదటినుండియు పొందినవారు సుఖముగా ఉండుటయే గాక, సగటున 11.6 నెలలు జీవించినారు, మిగిలినవారు 8.9 నెలలు.

ఆ తల్లి మంచముప్రక్క కూర్చున్న బిడ్డలకు శాస్త్రము ‘చేయించుడు’ అనిగాని ‘మానుడు’ అనిగాని తీర్పు చెప్పదు. అడుగవలసిన ప్రశ్నలను మాత్రము నేర్పినది. ఈ మందు ఎంతకాలమును ఇచ్చును? ఆ కాలము ఎట్లు గడుచును? ఆమె బలము దానికి చాలునా? అన్నిటికంటె ముందు అడుగవలసినది ఆమెనే: “అమ్మా, నీకేమి కావలెను?”