కాంటి నోట పెట్టిన మాట

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. సభ గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్లలో జరిగినా, పల్లెటూరి బడిలో జరిగినా ఒక మాట మాత్రం వినబడి తీరుతుంది: విజయనగరానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నాడని. కొందరైతే ఆయన్ని 16వ శతాబ్దానికి లాక్కొచ్చి కృష్ణదేవరాయల కొలువులో కూర్చోబెడతారు. కాంటి వచ్చింది 1420 ప్రాంతంలో, పోయింది 1469లో. రాయలు గద్దెనెక్కింది 1509లో!

ఇంతకీ కాంటి తన చేత్తో పుస్తకం రాయలేదు. ప్రయాణంలో ప్రాణభయంతో క్రైస్తవాన్ని వదులుకున్నాడు. తిరిగొచ్చి క్షమించమని నాలుగో యూజీనియస్ పోపును వేడుకున్నాడు. చూసిందంతా నా కార్యదర్శికి చెప్పు, అదే నీకు ప్రాయశ్చిత్తం అన్నాడట పోపు. ఆ కార్యదర్శి పోజియో బ్రాచోలినీ విన్నదాన్ని లాటిన్‌లో రాసి, తన గ్రంథం నాలుగో భాగంలో చేర్చాడు. అందులో అరవై మైళ్ల చుట్టుకొలత గల విజయనగరం ఉంది, ఆయుధం పట్టగల తొంభై వేల మంది ఉన్నారు, సహగమనం ఉంది. తెలుగు తీపి మాత్రం లేదు. పైగా భారతీయులు ఆకుల మీద పైనుంచి కిందికి రాస్తారని ఉంది. తాటాకు మీద గంటం నడుస్తుంటే పక్కన నిలబడి చూసినవాడు అనే మాటేనా ఇది?

పోలిక అసలు తెలుగు కోసమే పుట్టిందనీ చెప్పలేం. విలియం మార్స్‌డెన్ 1783లో సుమత్రా చరిత్ర రాస్తూ ఇదే బిరుదును మలయ్ భాషకు వాడాడు. మరుసటి శతాబ్దంలో మన భాష నేర్చిన ఇంగ్లీషువాళ్లు దాన్ని తెలుగుకూ తగిలించారు. కారణం తెలిసిందే, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. గోపన్‌పల్లి, నల్లగండ్ల అన్నట్టే రోమా, మిలానో.

కాంటికి ఎందుకు అంటగట్టారంటే, నా అనుమానం ఇది: ఇంగ్లీషువాడు అంటే పొగడ్త, ఇటలీవాడే అంటే సాక్ష్యం. 1857లో హాక్లూట్ సొసైటీ కాంటి కథను ఇంగ్లీషులో అచ్చువేసింది, చిన్నదే. వేదిక మీద ఆయన పేరెత్తక తప్పదనుకునేవాళ్లకు అందులో గుడి కప్పుల మీద రేయింబవళ్లు నూనె దీపాలు వెలిగించే పండగ ఉంది. అది మాత్రం ఆయన చెప్పిందే.