మాటలు నేర్పుటయా, కథ చెప్పించుటయా?

సంత చూచి వచ్చిన నాలుగేండ్ల బిడ్డ నాయనమ్మ ఒడిలో చేరి, "అప్పుడేమో..." అని మొదలుపెట్టి తాను చూచినదంతయు చెప్పును. ఆ బిడ్డకే బడిలో బొమ్మను చూపి "ఇదేమి?" అని అడిగినచో, "ఆవు" అని ఒక్క మాట చెప్పి ఊరకుండును. బిడ్డ మారలేదు, అడిగిన తీరు మారినది. శిశువిద్యా పద్ధతుల చరిత్రను చూచినచో ఈ భేదము ఎంత ముఖ్యమైనదో తెలియగలదు.

జర్మనీ దేశమందలి బ్లాంకెన్‌బర్గు పట్టణమున 1837లో ఫ్రోబెల్ పసిపిల్లల కొరకు ఒక సంస్థను నెలకొల్పెను. 1840లో దానికి 'కిండర్‌గార్టెన్', అనగా పిల్లల తోట, అని పేరిడెను. శిశువునకు ఆటయే చదువని ఆయన విశ్వాసము. తల్లి బిడ్డను ఆడించుచు పాడదగిన పాటలను, వ్రేళ్ల ఆటలను కూర్చి 1844లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇట్లు మాట ఆటతో ముడిపడెను. అయినను పాట పెద్దలదే. బిడ్డ దానితో గొంతు కలుపును.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోము నగరమున, బీదలు నివసించు శాన్ లొరెంజో పేటలో శిశుగృహమును ప్రారంభించెను. పదములు నేర్పుటకు ఆమె అవలంబించిన పాఠములో మూడు మెట్లు కలవు. మొదట రెండు పలకలను తాకించి "ఇది నునుపు, ఇది గరుకు" అని చెప్పుదురు. తరువాత "గరుకుది ఏది?" అని అడుగుదురు. కడపట ఒకదానిని చూపి "ఇది ఎట్లున్నది?" అని అడుగుదురు. ఈ క్రమమును ఆమె ఫ్రెంచి విద్యావేత్త సెగాన్ నుండి గ్రహించెను. చేతికి తగిలిన గుణముతోపాటు వచ్చిన పదము బిడ్డ మనస్సున నిలుచును. కాని ఇందు బిడ్డ ఇచ్చు సమాధానము ఒక్క మాటయే. పైగా, నిజమును కల్పనను వేరుచేయలేని పసివారికి అద్భుత కథలు చెప్పుట తగదని ఆమె తలచెను.

ఈ లోటును గుర్తించినవారిలో మన దేశీయుడైన గిజుభాయి బధేకా ఒకరు. న్యాయవాద వృత్తిని వదలి, 1920లో గుజరాతునందలి భావనగరున బాలమందిరము ప్రారంభించిన ఆయన, మాంటిస్సోరి పద్ధతిని స్వీకరించియు కథకు పెద్దపీట వేసెను. 1932లో వెలువడిన ఆయన 'దివాస్వప్న'లోని కల్పిత ఉపాధ్యాయుడు మొదట మౌనక్రీడ ఆడించి విఫలుడగును. కథ మొదలిడగానే అల్లరి తరగతి చెవులు రిక్కించును. 1939లో గిజుభాయి మరణించెను. ఆ సంవత్సరాంతముననే మాంటిస్సోరి స్వయముగా మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట ప్రారంభించెను.

ఇంతవరకు కథ చెప్పువారు పెద్దలు, వినువారు పిల్లలు. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయ ప్రయోగ పాఠశాలలో పనిచేసిన వివియన్ పేలీ దీనిని తలక్రిందులు చేసెను. బిడ్డ చెప్పిన కథను ఆమె బిడ్డ మాటలలోనే వ్రాసికొని, తరగతి పిల్లలచే దానిని ఆడించెడిది. ఈ అనుభవములను 1981లో గ్రంథముగా వెలువరించెను. ఇట్టి అభ్యాసము వలన పిల్లలకు కథను గ్రహించు శక్తి, అక్షరములయెడ, పదములయెడ ఎరుక హెచ్చినవని 2015లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

మరియొక అమెరికా శాస్త్రజ్ఞుడు వైట్‌హర్స్ట్, తన సహచరులతో 1988లో ప్రకటించిన పరిశోధనయు గమనింపదగినది. రెండు మూడేండ్ల పిల్లలకు బొమ్మల పుస్తకము చదువునప్పుడు "కుక్క ఏమి చేయుచున్నది?" వంటి ప్రశ్నలు వేసి, "కుక్క పరుగు" అని బిడ్డ అన్నచో "అవును, నల్లకుక్క పిల్లి వెంట పరుగెత్తుచున్నది" అని మాటను పెంచవలెనని తల్లిదండ్రులకు నేర్పిరి. ఒక్క నెలలోనే ఆ పిల్లలు, మామూలుగా చదివి వినిపింపబడిన పిల్లలకంటె పొడవైన వాక్యములు పలికిరి. పుస్తకము చదువుట రెండు తావుల ఉన్నదే. చదివిన తీరే భేదము.

కావున పదము నిచ్చుట ఒక పని, దానిని వాడుకొను సందర్భము నిచ్చుట మరియొక పని. రెండును కావలెను. 1975లో ఆరంభమైన అంగన్‌వాడీలలో మూడు మొదలు ఆరేండ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఒక భాగము. అక్కడ బిడ్డ తన ఇంటి యాసలో చెప్పు కథను నడుమ దిద్దక తుదివరకు వినుటకు ఖర్చు లేదు. ఉన్నత పాఠశాలలో వ్యాసము వ్రాయుమనగా కలము నమలు విద్యార్థిని చూచినప్పుడు ఉపాధ్యాయుడు ఒకసారి తలపోయవలెను: నాలుగేండ్ల వయస్సున ఇతని కథను ఎవరైన వినిరా?